మర్యాదగా రాసిన నాలుగు ఉత్తరాలు

మంగళవారం పొద్దున ఫోన్ చేసి, మా ఫ్రెంచి మేడమ్ చనిపోయారని ఆమె చెల్లెలు చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. "ఐదో ఉత్తరం అయిందా?" అని అడిగాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కొత్తగూడెంలో ఇంటర్ చదివేటప్పుడు మేమంతా మార్కుల కోసమే ఫ్రెంచి తీసుకున్నాం. పరీక్షలో ఫిర్యాదు ఉత్తరం తప్పకుండా వచ్చేది. కొన్న గడియారం ఆగిపోయిందని దుకాణదారుడికి మర్యాదగా రాయాలి. అర్థం తెలియకుండానే బట్టీ కొట్టి రాసేశాను. మేడమ్ పేపరు ఇస్తూ, "అన్నీ కరెక్టే రాసినవ్ బిడ్డా. నీ గడియారం ఆగిందంటే మాత్రం నాకు నమ్మకం కుదర్లే" అన్నారు.

ఆ ఫ్రెంచితో నిజంగా అవసరం పడుతుందని ఎవరనుకున్నారు? ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో టిప్పర్ నడిపే నా తమ్ముడు, అదే పని మీద ఫ్రెంచి మాట్లాడే ఒక ఆఫ్రికా దేశానికి వెళ్లాడు. ఒప్పందం ముగిసి ఏడాదైనా అక్కడి గని కంపెనీ పాస్‌పోర్టు తిరిగి ఇవ్వలేదు. అడిగిన ప్రతి ఆఫీసూ ముందు కంపెనీకే రాయమంది. నేను రాసుకెళ్లిన కాగితం చదివి, "దొంగలని రాస్తే చదువుడే బంద్ చేస్తరు" అని మేడమ్ ఆ మాట కొట్టేశారు. "తమకు రాయడానికి చొరవ తీసుకుంటున్నాను" అని ఫ్రెంచి పద్ధతిలో మొదలుపెట్టించారు.

"నా తమ్ముణ్ణి ఆపుకున్నోళ్లకు గీ మర్యాదలేంది మేడమ్?" అని అరిచాను.

ఆమె నొచ్చుకోలేదు. చాయ్ చేతికిచ్చి, "కోపం నా దగ్గర పెట్టిపో. కాగితం మీద తారీఖులు పెట్టు. అడుక్కోవద్దు, అడుగు" అన్నారు.

నాలుగు ఉత్తరాలు అలాగే వెళ్లాయి. ప్రతిసారీ వెనకటి ఉత్తరం తేదీ చెప్పి, "ఇంతవరకు తమ సమాధానం అందలేదు" అని రాయించేవారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

జబ్బుపడి దవాఖానాలో చేరాక ఆమె మొదలుపెట్టిన ఐదో ఉత్తరాన్ని చెల్లెలు నోటుబుక్కుతో సహా ఇచ్చింది. సగమే ఉంది. అక్షరాలు వంకర్లు పోయాయి. చివరి వాక్యం, "మిమ్మల్ని వేడుకుంటున్నాను." నన్ను ఎన్నడూ రాయనివ్వని మాట ఆమే రాశారు. అప్పుడు ఏడ్చాను.

నిన్న భద్రాచలంలో ఆమె అస్థికలు గోదావరిలో కలిపి, తడి చీరతోనే బస్సెక్కాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మేడమ్ రాసిందా?"

చెప్పలేకపోయాను. "రాస్తున్నది రా" అన్నాను.

"జల్దీ చెయ్యమని సతాయించకు. పెద్దమనిషి. ఆరాముగ రాయనీ."

"అవ్ రా" అని, నోటుబుక్కు తడి చీరకు తగలకుండా పైకెత్తి పట్టుకున్నాను.