బొడ్డు జారిందన్న రోజు

బల్లి మీద పడితే వీధి వీధంతా లేపే రకాన్ని నేను. అలాంటిదాన్ని, ఆ ఉదయం పొట్ట పట్టుకుని వసారాలో వంగి కూర్చుని కిక్కురుమనలేదు. నొప్పికన్నా మా అత్తయ్య చేతికే ఎక్కువ భయపడుతున్నాను.

మాది గుంటూరుకు గంట దూరంలో మిరప, పత్తి పండే పల్లె. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కాలేదు, ఇంటింటికీ సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. ఊళ్ళో ఎవరికి బొడ్డు జారినా అత్తయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు. బరువెత్తితే బొడ్డు కింద కొట్టుకునే నాడి పక్కకు జరుగుతుందని, కడుపునొప్పి అందుకేనని మా వైపు నమ్మకం. అరచేతులు కలిపినప్పుడు చిటికెన వేళ్ళు సమంగా లేకపోతే జారినట్టే. పరగడుపున పడుకోబెట్టి, ఆముదం రాసి, బొడ్డు వైపుకు మెత్తగా తోముతారు.

మా పుట్టింటి వీధిలో ఒకాయన ఇలాగే తోమించుకుని రెండోనాటికి పోయాడు. లోపల పేగు పగిలిందన్నారు. ఆ మాట అత్తారింట్లో ఎలా అనను?

"ఏదీ, వేళ్ళు చూపించమ్మాయ్," అంది అత్తయ్య.

నా ఎడమ చిటికెన వేలు పుట్టినప్పటినుంచీ పొట్టిదే. చెప్పబోయాను, వింటేగా!

"చూశావా, జారింది. నిన్న నిండుబిందె ఎత్తొద్దంటే విన్నావా?"

ఇక అప్పీలు లేదు. చాప మీద పడుకోబెట్టింది. తెల్లారినప్పటినుంచీ పండుమిరపకాయల పచ్చడి రుబ్బుతున్న మనిషి, చేతులు సబ్బుతో కడుక్కునే వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి చాలా మెత్తన. పసిపిల్లకు నలుగు పెట్టినట్టు తోమింది. నేను మాత్రం కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను.

ఉన్నట్టుండి పొట్టంతా భగ్గుమంది.

"పగిలింది! లోపల పగిలింది, చచ్చిపోతున్నా!" అని అరిచాను. పెరట్లోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. అత్తయ్య తెల్లబోయి, తన వేళ్ళు వాసన చూసుకుంది.

"ఓసి నీ భయం బంగారం కానూ! పగల్లేదే, కారం!"

సబ్బుకు పోని కారం నూనెలో కలిసి పొట్టంతా పాకింది. తల్లీకొడుకులు పడీపడీ నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను. పెరుగు తెచ్చి పట్టించారు. మంట మెల్లగా చల్లారింది. చల్లారాక దాని కింద అసలు నొప్పి మళ్ళీ తెలిసింది. ఇప్పుడది కుడివైపు కిందకి దిగి, ఊపిరి తీస్తే పొడుస్తోంది.

"తగ్గిందా?" అంది అత్తయ్య, ఇంకా నవ్వుతూనే.

తగ్గిందంటే అందరూ పనుల్లోకి పోతారు. నేను ఈ చాప మీదే పోతాను. ఇక దాచకుండా మా పుట్టింటి వీధి ఆయన సంగతి మొత్తం చెప్పేశాను. నవ్వులు ఆగిపోయాయి.

ఆటోలో గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, అపెండిక్స్ అన్నారు. మన వాళ్ళు ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అదే. వాచింది, ఇంకా పగల్లేదు, ఇవాళే ఆపరేషన్ చెయ్యాలన్నారు.

స్ట్రెచరు పక్కనే నడుస్తోంది అత్తయ్య. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది, నన్ను తాకడం లేదు.

"నేను గట్టిగా నొక్కలేదు కదమ్మా?"

"లేదత్తయ్యా."

"నిజం చెప్పు తల్లీ, గట్టిగా నొక్కానా?"

లేదని మళ్ళీ చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపు మూశాక కూడా, బయట నర్సుని అదే అడుగుతోంది.