దావీదు మేస్త్రి ఎత్తని చెయ్యి

పోయిన వారం మా మనవరాలి ఇంట్లో వసారాకు నల్లరాయి పరిచారు. పనివాడు రాయి మీద నీళ్ళు చల్లి అంచులు రుద్దుతుంటే తడిసిన రాతిపొడి వాసన గదిలోకి వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. యాభై ఏళ్ళ పైమాట, మార్కాపురం పలకల కార్ఖానాలో నేను రోజంతా పీల్చిన వాసన అది. అది ముక్కుకు తగిలిందంటే నాకు గుర్తొచ్చేది దావీదు మేస్త్రి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నాకు ఇరవై రెండేళ్ళు, ఆయనకు యాభై దాటాయి. పొట్టి మనిషి, మెడ కనిపించనంత దిట్టమైన భుజాలు. రాతిబిళ్ళకు ఉలి ఆనించి రెండు దెబ్బలు వేస్తే చాలు, పొర పొరగా విచ్చుకునేది. మా పేట ప్రార్థన మందిరంలో ఆయన సంఘపెద్ద. పాస్టరుగారు పల్లెలు తిరిగే ఆదివారాల్లో ప్రసంగం కూడా ఆయనదే. చదువు తక్కువ కాబట్టి వాక్యం మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేవాడు. క్రైస్తవుడు కాకముందు కర్రసాములో ఆయనకు పెద్ద పేరుండేదని, తిరునాళ్ళలో ఆయన కర్ర తిప్పుతుంటే జనం వెనక్కి జరిగేవాళ్ళని మా నాయన చెబుతుండేవాడు.

నేను పనిలో చేరిన ఏడాదే, పలకలు తీసుకుపోవడానికి వచ్చిన ఒక వ్యాపారి, సరుకు కట్టడం ఆలస్యమైందని మేస్త్రిని కులం పేరెత్తి తిట్టాడు. అంతటితో ఆగక చెంప మీద కొట్టాడు. కార్ఖానాలో రాళ్ళ చప్పుడు ఆగిపోయింది. అందరం మేస్త్రి చేతుల వంకే చూశాం. ఆయన ఉలి కింద పెట్టి, కోపం తీరిందా అని అడిగి, తీరితే సరుకు ఎక్కిద్దాం రమ్మన్నాడు. వ్యాపారి ఏం చెయ్యాలో తోచక బయటికి పోయి నిలబడ్డాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చున్నాను కానీ ముఖం చూడలేదు.

"భయపడినాననుకున్నావా?" అని ఆయనే అడిగాడు.

అనుకున్నానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. అన్నం ముద్ద గిన్నెలోనే ఉంచి, తన వయసులో జరిగిన సంగతి చెప్పాడు. ఏదో తిరునాళ్ళలో మాటా మాటా పెరిగి, హనుమంతునిపాడు మనిషిని ఒకణ్ణి కర్రతో చెవి మీద కొట్టాడట. ఆ చెవి అప్పుడే పోయింది. కొన్నేళ్ళకు రెండోది కూడా పోయింది.

"ఇప్పటికీ సంతలో కనబడతాడు. ఎనక నుంచి పిలిస్తే తిరగడు. ఎదురుగా పోయి నిలబడాల" అన్నాడు. "ఆ దినం అందరూ నన్ను మొగోడన్నారు."

విన్నాను కానీ నాకది ఎక్కలేదు. వయసు మీద పడ్డ మనిషి పశ్చాత్తాపం అనుకున్నాను.

మా అక్క సారమ్మను కొమరోలు దగ్గరి పల్లెకు ఇచ్చాం. బావ పౌలయ్య కొడతాడని పెళ్ళయిన ఏడాదికే తెలిసింది. అక్క రెండుసార్లు పుట్టింటికి వచ్చింది. రెండుసార్లూ, భార్య ఓర్పు చూసి భర్త మారతాడని చెప్పి పాస్టరుగారు పంపించాడు. మూడోసారి ఆమె రాలేకపోయింది. ఆ పల్లె నుంచి ఆసుపత్రికి వచ్చిన ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అక్క మణికట్టు విరిగిందని, గుడ్డపీలికతో కట్టుకుని తిరుగుతోందని చెప్పింది. మా నాయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో మగవాణ్ణి నేనే. గొడ్డలి తీసి గోనెసంచిలో చుట్టుకుని స్టేషనుకు పోయాను.

రైలు కదులుతుండగా మేస్త్రి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. మా అమ్మ పరుగెత్తుకుంటూ పోయి ఆయనకు చెప్పిందట. కంభం దాటాక సంచిలో ఏంది అని అడిగాడు. చెప్పాను. రెండో చెంప చూపమని నాకు ప్రసంగం చెయ్యొద్దు పెదనాయనా అని కూడా అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "చూపమన్నది నా చెంప. మీ అక్క చెంప చూపేదానికి నాకు హక్కు యాడిది? పాస్టరుగారికి కూడా లేదు. పోయినాక ఆయనకీ చెప్తా."

అయితే ఇక నన్ను ఆపడమెందుకని అడిగాను.

"నువ్వు వాన్ని నరికితే పోలీసోళ్ళు నిన్ను తీసుకపోతారు. అప్పుడు మీ అక్కను పిలుచుకొచ్చేదెవరు? మనం పోతుండేది ఆమె కోసరం, నీ కోపం కోసరం కాదు."

గిద్దలూరులో దిగాక సంచి నా చేతిలోంచి తీసుకుని టీ దుకాణంలో దాచమని ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో దాన్ని అడగడం ఇద్దరం మరిచిపోయాం.

మేం పోయేసరికి మిట్టమధ్యాహ్నం. పౌలయ్య అరుగు మీద ఉన్నాడు. అక్క బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. చెయ్యి వాచి ఉంది. మేస్త్రి బావతో ఏమీ అనకుండా, బట్టలు తీసుకుని రమ్మని అక్కకు చెప్పాడు. మొగుడూ పెళ్ళాల మధ్యకు రావడానికి మీరెవరని అరుస్తూ పౌలయ్య గోడకు ఆనించిన రోకలి అందుకుని ఆమె మీదికి పోయాడు. నేను కదిలే లోపల మేస్త్రి అతని మణికట్టు పట్టుకున్నాడు. రోకలి కింద పడింది. పౌలయ్య రెండో చేత్తో ఆయన ముఖం మీద గుద్దాడు, కాలితో తన్నాడు. మేస్త్రి ముక్కులోంచి రక్తం కారింది. పట్టు వదల్లేదు, తిరిగి కొట్టలేదు. నేను పిడికిలి బిగించి ముందుకు పోతే, "నేను పట్టుకున్న మనిషిని నువ్వు కొట్టద్దు" అన్నాడు.

అక్క బిడ్డతో వీధి దాటి రోడ్డు ఎక్కేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి పౌలయ్య అలిసి అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు మేస్త్రి చెయ్యి వదిలి, "నేను నిన్ను కొట్టలేదు, మార్కాపురం వచ్చేటప్పుడు నువ్వు కూడా వట్టి చేతులతో రా" అని చెప్పి వెనుదిరిగాడు.

బస్సులో ఆయన కుడిచేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. భయమేసిందా అని మెల్లగా అడిగాను.

"ఏసింది. వాని చెయ్యి ఇంకొంచెం తిప్పితే ఎముక ఇరిగేది. తిప్పాలనే ఉండింది నాకు" అన్నాడు.

అంతవరకూ ఆయన శాంతాన్ని చల్లబడిన రక్తం అనుకున్నాను. ఆ వయసులో కూడా అది అంత కష్టమని ఆ మాట విన్నాకే తెలిసింది.

కోతలయ్యాక పౌలయ్య పెద్దమనుషులతో వచ్చాడు. నిజంగానే వట్టి చేతులతో వచ్చాడు. పాస్టరుగారితో సహా అందరూ అక్కను పంపించమన్నారు. మేస్త్రి మాత్రం ఆమెను అడగమన్నాడు. అక్క తల ఎత్తకుండా, గొంతు మాత్రం గట్టిగా, నేను పోను అంది. సంఘంలో చాలామందికి అది నచ్చలేదు. కాపురాలు విడగొడుతున్నాడని మేస్త్రిని ఏడాదిపాటు పెద్దరికం నుంచి తీసేశారు. ఆ ఏడాదంతా ఆయన వెనక చాప మీద కూర్చుని, అందరికంటే బిగ్గరగా పాటలు పాడాడు. అక్క ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది, కూతుర్ని నర్సు చదివించింది. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. ఇంట్లో గట్టిగా నవ్వేది ఆమే.

మేస్త్రి పోయిన చాలా ఏళ్ళకు గిద్దలూరు బస్టాండులో పౌలయ్య కనిపించాడు. ముసలివాడయ్యాడు, ఒంటరిగా ఉన్నాడు. కూతురు ఎట్లుందని అడిగాడు. బాగుందని, ఇద్దరు పిల్లలని చెప్పాను. అక్కను గురించి అడగబోయి మానుకున్నాడు. ఇంతలో అతని బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉండి కాలు అందడం లేదు. నేను చంక కింద చెయ్యి వేసి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని నా వైపు ఒకసారి చూశాడు. బస్సు వెళ్ళిపోయింది.

అతన్ని క్షమించానా అంటే ఈ రోజుకీ చెప్పలేను. కానీ అతను బతికే ఉన్నాడు, తన ఊరికి తను పోతున్నాడు. నేను మా ఇంటికి పోతున్నాను. ఆ సంగతి తలుచుకుని బస్టాండు బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చుని, పక్కవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా కళ్ళు తుడుచుకున్నాను.