ఏడో ముడి దగ్గర వాలుగ

నా చిన్నప్పుడు నీటి అడుగున ఏముందో చూపించే పెట్టెలు లేవు, మా తాతయ్య ఉండేవాడు. పిచ్చాటూరు డ్యాములో పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ వేసుకుని వాలుగ చేపలు పట్టడం ఆయన పని. వాలుగంటే మామూలు చేప కాదు. ఇంత పెద్ద నోరు, పొడుగాటి మీసాలు. పగలంతా లోతులో పడుకుని, వెలుతురు పలచగా ఉన్నప్పుడే మేతకు లేస్తుంది. డ్యాము కట్టకముందు అక్కడ పారిన ఏటి ఒడ్డు నీళ్ల కింద ఇంకా అలాగే ఉందని, ఆ ఒడ్డు దిగే చోటే వాలుగ కాపు కాస్తుందని తాతయ్య చెప్పేవాడు. ఆ ఏట్లో ఎడ్లను కడిగిన మనిషి, ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

తెలిసినా, పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు. అందుకని ఆయన దగ్గర ఒక పురికొస ఉండేది. దాని చివర పిడికెడంత రాయి. రాయి అడుగున చిన్న గుంట చెక్కి, అందులో తేనెమైనం అద్దేవాడు. పురికొసకు బారకొక ముడి, అంటే రెండు చేతులూ చాపినంత పొడవుకొకటి. రాయిని నీళ్లలోకి వదిలి, వేళ్ల మధ్య జారిపోయే ముడులను లెక్కపెట్టుకునేవాడు. పైకి లాగాక మైనానికి ఒండ్రు అంటితే ఇంకా పక్కకు పోవాలని, ఇసుక అంటితే పాత ఏరు దొరికిందని అర్థం. మూడు ముడుల నీరు ఉన్నట్టుండి ఐదు ముడులైతే అదే ఒడ్డు. ఇక గాలానికి బతికున్న చేపపిల్లను గుచ్చి, అడుగుకు మూరెడు పైన ఉండేలా వదిలి, పుట్టిని గాలి వాటానికి మెల్లగా పోనిచ్చేవాడు.

ఆ ముడులు ఆయన వయసులో ఉండగా వేసుకున్నవి. తర్వాత తాటిచెట్టు మీంచి పడి ఎడమ మోచేయి విరిగింది, వంకరగా అతుక్కుంది. ఇక రెండు చేతులూ బారగా చాపలేడు. పక్క పుట్టి వాళ్ల పురికొసలు ఆయనకు పనికిరావు. ఎవరి బార వారిదే. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పటికి నేను పుట్టి ఎక్కి ఎరగను.

నాకు పదేళ్లప్పుడు మా అక్క పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టి నాలుగు రోజులైనా పాలు సరిగా పడలేదు. ముల్లు తక్కువుండే వాలుగతో పులుసు పెడితే పాలు పడతాయని మా అవ్వ గట్టి నమ్మకం. మర్నాడు తెల్లవారకముందే వెళ్దామని తాతయ్య సామాను సర్ది పంచలో పెట్టాడు.

నేను చిక్కు కనబడితే విప్పకుండా ఉండలేని రకం. ఇప్పటికీ అంతే, ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు. ఆ సాయంత్రం పంచలో ముడులు ముడులుగా పడి ఉన్న పురికొసను చూసి, పాపం తాతయ్యకు చూపానక విప్పుకోలేదు కాబోలు అనుకున్నాను. గోళ్లతో, పళ్లతో, చివరికి దబ్బనంతో ఒక్క ముడి మిగలకుండా విప్పి, ఉండగా చుట్టి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే.

ముందుగా చూసింది మా అవ్వ. నెత్తీ నోరూ కొట్టుకుంది.

“ఆ వంకర చెయ్యి పెట్టుకోని ముసలాయన మళ్లా ఎట్ల కొలుస్తాడే? పసిబిడ్డ నోట్లో మన్ను కొట్టినావు గదే!”

లోపల అక్క బిడ్డ సన్నగా ఏడుస్తోంది. తాతయ్య వచ్చి పురికొసను చేతిలోకి తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో తడుముకుంటూ పోయాడు. ఆయన ముఖం వాడిపోవడం నేను చూశాను. ఇక దెబ్బలు తప్పవనుకుని కళ్లు మూసుకున్నాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“ముడులు పోయినాయి గానీ పురికొస యాడికీ పోలేదు గదా పాపా. ఏదీ, చేతులు సాపు.”

చాపాను. నా పొట్టి బారకొక ముడి చొప్పున అన్నీ నాచేతే వేయించాడు.

మర్నాడు నన్నూ పుట్టి ఎక్కించుకున్నాడు. దూరపు కొండ కొననూ కట్ట మీది వేపచెట్టునూ ఒక వరసకు తెచ్చి, చోటు గుర్తుపట్టి తెడ్డు ఆపాడు. రాయి వదిలింది నేనే. నాలుగు ముడులు, మైనం నిండా ఒండ్రు. కొంచెం పక్కకు జరిగాం, మళ్లీ నాలుగే. మూడోసారి ఐదు, ఆరు, ఏడు జారి ఆగింది. మైనానికి ముతక ఇసుక అంటుకుని వచ్చింది. తాతయ్య ఆ ఇసుకను వేలికి రాసుకుని చూసుకుంటూ, “ఇదే మా ఏరు” అన్నాడు. పొద్దు పొడవకముందే గాలం గుంజింది. ఆ వాలుగ నా నడుము దాకా ఉంది.

పులుసు మహిమో, కడుపు నిండి కంటినిండా నిద్రపోవడం వల్లనో, అక్కకు పాలు పడ్డాయి. ఆ తర్వాత ఎవరు లోతడిగినా తాతయ్య “మా పాప బారతో ఏడు” అనేవాడు. అడిగినవాళ్లు తమ బారల్లోకి లెక్క కట్టుకోలేక తల గోక్కునేవాళ్లు. అన్నేళ్లు చేతికి అలవాటైన లెక్కను వదిలి, ఆ వయసులో డ్యామునంతా నా కొలతతో మళ్లీ నేర్చుకున్నాడాయన. అదెంత కష్టమో నాకు పెద్దయ్యాక గానీ తెలిసిరాలేదు. పాత ముడుల ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు. అటువంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు రేణిగుంటలో గోడౌన్ పని చేసే మా అబ్బాయి, సెలవు దొరికితే చిన్న మోటారు పడవలో అదే డ్యాముకు పోతాడు. వాడి దగ్గరొక పెట్టె ఉంది. అది నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన తీరును బట్టి అడుగును తెర మీద గీస్తుంది. గట్టి నేల మందమైన గీత, ఒండ్రు పలచని గీత, చేప విల్లులా చిన్న వంపు. నిజంగా గొప్ప వస్తువే, తాతయ్య చూసుంటే ఎంత సంబరపడేవాడో. వాలుగ దొరికిన చోటల్లా మా వాడు అందులో ఒక చుక్క పెట్టుకున్నాడు. మూడేళ్ల చుక్కలవి.

మొన్న నా మనవరాలు ఆ తెరను చూసి, ఇదేం చెత్త అనుకుని, నాన్నకు శుభ్రం చేసి పెడదామని అన్నీ తుడిచేసింది. నా పోలికే. మా అబ్బాయి ముఖం ఎర్రబడింది, చెయ్యి లేచింది. పిల్ల గోడకు అతుక్కుపోయింది.

“సుక్కలు పోయినాయి గానీ డ్యాము యాడికీ పోలేదు గదరా,” అన్నాను. “రేపు దీన్ని గూడా పడవెక్కించుకో. ఈసారి సుక్కలు ఇదే పెడతాది.”

వాడి చెయ్యి దిగింది. ఆ మాట ఎవరిదో నాకు ఒక్క క్షణం ఆగి గుర్తొచ్చింది. పిల్ల ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది. రమ్మని చేతులు రెండూ బారగా చాపాను. ఆ చాపడం నాకు మా తాతయ్య నేర్పిందే.