కారు తాగిన మోకాళ్ళ నూనె

మా అత్తమ్మ మొన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మా పాత కారు మాత్రం ఎన్నడూ లేనంత మెత్తగా గేర్లు మారుస్తోంది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. వినండి. నవ్వితే నవ్వండి గానీ జాలి పడొద్దు, అది నాకు పడదు.

కారు కింద నల్లటి మరక కనబడటంతో మొదలైంది ఇదంతా. గేర్‌బాక్సులోంచి చక్రానికి పోయే ఇనప కడ్డీ ఉంటుంది కదా, దాని చుట్టూ గాజులా బిగిసి ఉండే రబ్బరు సీల్ అరిగిపోయింది. గేర్ ఆయిల్ కారుతోంది. నూనె పూర్తిగా పోతే లోపల పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, బండి ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది. మా ఆయన అప్పుడే తీర్పు చెప్పేశాడు.

"గీసారి ఇది తాడు కట్టుకొని ఇంటికొచ్చిందనుకో, అమ్ముడే. ఇగ మాట్లాడేది లేదు."

పోయినసారి ట్రాక్టరు దీన్ని మా ఊరు సిరొంచ బజారు నడిమిట్ల నుంచి లాక్కొచ్చింది. ఆయన బాధ ఆ బజారులో పోయిన పరువు గురించి. నా బాధ వేరు. ఈ ఊళ్ళో ఆడదానికి కారు ఉండటమంటే 'ఎటు పోతున్నవు, ఎవరితోటి పోతున్నవు' అని అడిగేవాళ్ళకు అద్దంలోంచి చెయ్యి ఊపి సాగిపోవటం. అది పోతే మళ్ళీ మొదటికొస్తాను. అహేరి పోవాలన్నా "జర దింపుతవా" అని మొగుడి మొహం చూడాలి.

కాబట్టి సీల్ నేనే వేస్తానన్నాను.

స్పేర్ పార్ట్స్ దుకాణంలో పెద్దమనిషి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "సార్‌ను పంపుర్రి మేడం. మీకు సమజ్ కాదు."

"సార్‌కు సమజైతదా?"

"కాదు. గని సార్‌కు చెప్పొచ్చు."

సీల్ తీసుకొని వచ్చేశాను. పక్కింటి షాహీన్ తోడొచ్చింది. ఆమె టైలరు. కుట్టుమిషన్ను ముక్కలుగా విప్పి మళ్ళీ నిలబెట్టగల మనిషి. ఫోన్లో వీడియో చూస్తూ చక్రం ఊడదీశాం, కడ్డీ లాగాం, పాత సీల్ పెరికాం. కొత్తది వంకర పోకుండా దిగాలంటే గుండ్రటి దాన్ని ఆనించి కొట్టాలట. షాహీన్ ఇంట్లోంచి ఇత్తడి కటోరా, అంటే గుండ్రటి గిన్నె, తెచ్చింది. "ఇది మా అమ్మీది. సొట్ట పడితే సీల్‌తోపాటు నన్ను గూడ మార్చాలె," అంది. సొట్ట పడింది. సీల్ మాత్రం చక్కగా కూర్చుంది. కొత్త ఆయిల్ పోశాం. తెల్లవార్లూ కారు కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క చుక్క లేదు!

అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆదివారం అల్లపల్లిలో ఆడవాళ్ళ మీటింగు. నేను వక్తను. షాహీన్ను ఎక్కించుకొని బయలుదేరాను. గేటు దగ్గర మా ఆయన ఏం చేస్తున్నాడనుకున్నారు? లావుపాటి తాడు చుట్ట చుడుతున్నాడు! "తయారు పెడుతున్న, అంతే," అన్నాడు.

దారంతా నా ప్రాణం ఆ రబ్బరు గాజులో ఉంది. గుంతలో పడితే "ఊడిందా?" స్పీడు బ్రేకరు ఎక్కితే "ఊడిందా?" మీటింగులో 'భయం మనకెవరు నేర్పారు?' అనే ప్రసంగం చదువుతూ కిటికీలోంచి కారు కిందికే చూస్తున్నాను. జనం చప్పట్లు కొట్టారు. నేను చెమటలు తుడుచుకున్నాను.

వచ్చేటప్పుడు పెర్మిలి నుంచి వచ్చిన గోండు అక్క ఒకామె డబ్బాడు ఇప్పనూనె ఇచ్చింది. మా అత్తమ్మ మోకాళ్ళ కోసం ఎప్పటి నుంచో చెప్పి పెట్టిన నూనె. "గట్టిగ పట్టుకోర్రి, మూత జర లూజు," అని కూడా చెప్పింది. డిక్కీలో పెట్టాను. మీటింగు కంటే ముఖ్యమైన ఆ మాటను మాత్రం అక్కడే వదిలేశాను.

సగం దారిలో, టేకు అడవి చిక్కబడ్డ చోట, షాహీన్ వెనక్కి తిరిగి చూసింది.

"అక్కా... రోడ్డు మీద గీత పడుతాంది."

"ఏం గీత?"

"నూనె గీత."

వాగు వైపు దిగే వాలులో బండి ఆపాను. వంగి చూస్తే కారు కింద ముందు చక్రం దాకా తడి మెరుస్తోంది. ఫోనుకు సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన బోర్డు మీద పులి బొమ్మ ఉంది. అప్పటిదాకా ఆ బోర్డులు ఎన్నిసార్లు చూశానో, ఎన్నడూ అది నా వైపే చూస్తున్నట్టు అనిపించలేదు.

"పోనీయక్కా, ఎట్లనో అట్ల పోదాం."

"నూనె లేకుంట పోతే గేర్లు పట్టేస్తయి. తాడే గతి. సీల్ జర బయటికొచ్చినట్టుంది. లోపలికి కొడుత."

"గీడనా? పులి ఉందట!"

"నువ్వు కావలి ఉండు."

"నేను కావలుంటె పులికి ఇద్దరం దొరుకుతం," అంటూనే టిఫిన్ గిన్నె మీద చెంచాతో కొట్టటం మొదలుపెట్టింది.

స్క్రూడ్రైవరూ ఒక రాయీ పట్టుకొని కారు కింద దూరాను. తల లోపల, కాళ్ళు బయట. పులికి వడ్డించిన విస్తరిలాగా నా కాళ్ళు రోడ్డు మీద. సీల్ అంచు మీద స్క్రూడ్రైవరు ఆనించి మెల్లగా ఒక దెబ్బ వేశాను. ఎండిన టేకాకులు అప్పడాల్లా విరుగుతాయి, తెలుసు కదా. విరిగాయి.

చెంచా చప్పుడు ఆగిపోయింది.

"షాహీన్?"

ఆకులు మళ్ళీ విరిగాయి. దగ్గరగా. బరువైన అడుగు. కారు వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. లేవబోయి నుదురు కారుకు కొట్టుకున్నాను. స్క్రూడ్రైవరు జారి రబ్బరులో కస్సున దిగింది!

"అక్కా," షాహీన్ గొంతు కారు లోపల్నుంచి వచ్చింది. తలుపు వేసుకొని కూర్చుంది మహాతల్లి. "గేర్ ఆయిల్ ఆవు నాకుతదా?"

పాక్కుంటూ బయటికొచ్చాను. ఒక గోధుమరంగు ఆవు మా డిక్కీ కింద తుప్పు పట్టిన చిల్లులోంచి కారుతున్న నూనెను కళ్ళు మూసుకొని మరీ నాకుతోంది. డిక్కీ తెరిస్తే ఇప్పనూనె డబ్బా పక్కకు ఒరిగి ఉంది. వాలులో ఆ నూనే ముందు చక్రం దాకా పారింది. వాసన రాలేదా అంటారా? అది ఇప్పపూలు రాలే కాలం, ఆ పూల వాసనలో ఇంకే వాసనా తెలియదు.

అంటే సీల్ బాగానే ఉంది. నేను మళ్ళీ బాగుచేసేదాకా.

మళ్ళీ వంగి చూశాను. ఇప్పుడు నిజమైన గేర్ ఆయిల్, చిక్కగా, కంపుకొడుతూ, చుక్క చుక్కగా పడుతోంది.

షాహీన్ దిగింది. నన్ను చూసింది, చుక్కను చూసింది, డబ్బాను చూసింది. "సగం మిగిలింది గదా," అంది.

"అది మా అత్తమ్మ మోకాళ్ళది!"

"మోకాళ్ళు రేపు గూడ ఉంటయి. కారు ఉంటదా?"

అంతకు మించిన వాదన నా ప్రసంగంలో కూడా లేదు. బానెట్ ఎత్తి గేర్‌బాక్సులో నూనె పోసే మూత విప్పాం. గరాటు లేదు. నా ప్రసంగం కాగితాలను శంఖంలా చుట్టాను. 'భయం మనకెవరు నేర్పారు?' లోంచి ఇప్పనూనె బుడబుడమంటూ దిగింది. ఆ ప్రసంగం వల్ల ఒకరికి మేలు జరగటం నేను కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

ఆ తరువాత ప్రయాణం ఎట్లా సాగిందో అడగొద్దు. కాస్త దూరం పోవటం, ఆగటం, పోయటం. ప్రతి చప్పుడుకూ షాహీన్ "యా అల్లా," నేను "ఇంకెంతుంది డబ్బాల?" బజారు దాటేటప్పుడు మాత్రం ఇద్దరం నడుము నిటారుగా పెట్టి, మొహాన నవ్వు అతికించుకొని కూర్చున్నాం.

ఎండ ఉండగానే ఇంటి ముందు ఆగాం. మా ఆయన తాడు భుజాన వేసుకొని గేటు దగ్గరే ఉన్నాడు. కారును చుట్టూ తిరిగి చూశాడు. తాడు లేదు, ట్రాక్టరు లేదు. తాడు మెల్లగా అరుగు మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు. నేనూ షాహీన్ ఒకరినొకరు చూసుకున్నాం. గెలిచాం!

అప్పుడు లోపల్నుంచి మా అత్తమ్మ గోడ పట్టుకొని వచ్చింది. అరుగు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు పైకి జరిపి రెండు మోకాళ్ళూ ముందుకు చాచింది.

"తెచ్చినవా కోడలా, ఇప్పనూనె?"

ఖాళీ డబ్బా నా చేతిలో ఉంది. అబద్ధం ఆలోచించే ఓపిక లేదు.

"తెచ్చిన అత్తమ్మా. గని నడిమిట్ల కారుకు మోకాళ్ళు పట్టేసినయి. దానికి పోసిన."

ఆమె నన్ను చూసింది. బానెట్ మీది ఇప్పనూనె మరకను చూసింది. కొడుకును చూసింది. పక్కనున్న తాడు అందుకొని ఆయన ఒళ్ళో వేసింది.

"కారు తాడు లేకుంట నడిచొచ్చింది గద బిడ్డా. ఇగ రేపటి సంది నాకు కట్టి గుంజుర్రి."