ఐదుగురి తర్వాత ఆవిడ

నాచారంలో మా పుస్తకాల షాపాయన నెలకో శనివారం బల్లలు పక్కకు జరిపి ముప్పై కుర్చీలు వేస్తాడు. ఎవరో ఒక రచయిత వచ్చి తన పుస్తకం గురించి మాట్లాడతారు. ఆసారి ఏర్పాట్లు నా మీద పడ్డాయి. పడ్డాయనడం అబద్ధం, ఎగిరి పట్టుకున్నాను.

వస్తున్నది వరంగల్లో రిటైరైన చరిత్ర లెక్చరరు. మన నేతగాళ్ల బట్ట సముద్రాలు దాటి ఎవరెవరి ఒంటిమీదికి చేరిందో, ఆనాటి వర్తకపు దారుల కోసం దేశాలు ఈనాటికీ ఎందుకు కొట్లాడుకుంటున్నాయో రాసిన మనిషి. ఫ్యాక్టరీ స్టోర్సులో నట్లూ బోల్టులూ అందించే ఉద్యోగం నాది. ఆ పుస్తకం రెండుసార్లు చదివేసరికి నా బుర్రలో బిగుసుకుపోయిన నట్లు కొన్ని వదులయ్యాయి. ఇక ఆవిడ నోటితోనే వినాలి, కనీసం గంటన్నర. నా ఆశంతా అదే.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఆరున్నరకు ఉప్పల్లో బస్సెక్కాలి. నాలుగింటికి మొదలుపెడితే బోలెడు టైముంది. నా భయమల్లా కుర్చీల గురించే. అంతకు ముందు నెల తొమ్మండుగురే వచ్చారు, అందులో ఒకాయన ఏసీ కోసం. అందుకని సభలు జరిపే వాళ్లందరికీ తెలిసిన ఉపాయమే పట్టాను. ఒకరిని మాట్లాడమని పిలిస్తే, వినడానికి తన మనుషుల్ని నలుగుర్ని తెచ్చుకుంటారు. తలా రెండు నిమిషాలంటూ ఐదుగురిని పిలిచాను.

కరపత్రం చూసి షాపాయన, "గింతమంది ఏందన్నా? పెండ్లి పత్రికల పెద్దల పేర్లు ఏసినట్టుంది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

శనివారం కుర్చీలన్నీ నిండి, అల్మారాలకు ఆనుకుని కూడా జనం నిలబడ్డారు. నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది. ముఖ్యమైన మనిషి చివర్లో మాట్లాడటం మన సభల మర్యాద కదా, ముందు ఐదుగురూ లేచారు. మొదటాయనకు రెండు నిమిషాలు తన బాల్యానికే చాలలేదు. రెండో ఆయన పుస్తకం ఇంకా చదవలేదని చెప్పడానికి పావుగంట తీసుకున్నాడు. మూడో ఆయన సొంత పాట పాడాడు. ఆపమని చీటీ పంపుదామంటే ఒకాయన మా సీనియరు, ఇంకొకాయన మా బావమరిదికి చదువు చెప్పిన సారు. పోనీ, నేనైనా క్లుప్తంగా ముగించానా? ఆవిడను పొగడటానికే పద్దెనిమిది నిమిషాలు పట్టింది. సభకు అధ్యక్షుణ్ననుకున్నాను, తీరా చూస్తే ఆవిడ గంటన్నరకు భక్షకుణ్ని నేనే.

ఐదూ యాభైకి ఆవిడ మైకు దగ్గరికొచ్చారు. సంచిలోంచి జానెడు గుడ్డముక్క తీసి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపు ఇదని, దీని కోసమే ఎక్కడెక్కడివాళ్లో ఓడలేసుకుని వచ్చారని మొదలుపెట్టారు. అల్మారాలకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు వంగారు. అసలు కథ ఇప్పుడు మొదలవుతుందనుకునేసరికి ఆవిడ గడియారం చూసుకుని దండం పెట్టారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చింది.

"మేడం, మా తాత నేసిండు. మా నాయిన మగ్గం ఇడిసిపెట్టిండు. ఎవరి కోసం నేసిన్రో, ఎవరు ఒద్దన్నరో మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. నా స్కూటీ ఉంది, ఉప్పల్ దాక తోల్కపోత. దారిల జర చెప్పున్రి."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని, వెళ్లి స్కూటీ ఎక్కేశారు.

మరి మేమో? షాపాయన షట్టరు దించి బండి తీశాడు. నేను వెనక ఎక్కాను. మా వెనక ఇంకో పదిబళ్లు. అవతలివాళ్లకు ఊరేగింపులాగా కనిపించి ఉంటాం. ఒక్క ముక్కా వినపడదాయె. సిగ్నల్ పడ్డప్పుడల్లా స్కూటీ చుట్టూ మూగి, కథ ఎక్కడిదాకా వచ్చిందని అడగడం, ఆ అమ్మాయి తల తిప్పి చెప్పడం. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర కథ ఇంకా ఓడల మీదే ఉంది. ఉప్పల్ మెట్రో కిందికొచ్చేసరికి ఇంగ్లండు మిల్లు బట్ట మన రేవుల్లో దిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఎర్రలైటు పడాలని మొక్కుకున్నాను.

రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఇంకా చెబుతూనే ఉన్నారు. మేమందరం చుట్టూ చేరాం. ఇందాక మైకు వదలని ఐదుగురిలో ముగ్గురు అక్కడే ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. అదెంత కష్టమో మా ఇంట్లోవాళ్లను అడగండి.

కండక్టరు లోపల్నుంచి తొంగిచూశాడు. "అమ్మా, ఎక్కుతరా, ముచ్చట వెడతరా?"

ఆవిడ కాలు కిందికి దించారు. "నువ్వు పో నాయినా. ఎనక ఇంకోటి వస్తది గదా" అని, ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"మీ నాయిన మగ్గం దించిననాడు నీకెన్నేండ్లు, బిడ్డా? ఆడినుంచి చెప్పుకుందాం."