చెన్నై విమానానికి పిలుపు రాలేదు

కరోనా తగ్గి విమానాలు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది అది. మాది ఆత్మకూరు. గల్ఫ్‌లోని ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో ట్రాన్స్‌ఫర్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. ఒక విమానం దిగి ఇంకొకటి ఎక్కాల్సినవాళ్లకు దారి చూపడం నా పని. ఇలాంటి చోటును హబ్ అంటారు. ఉదయగిరివాళ్లూ సోమశిలవాళ్లూ ఆత్మకూరు బస్టాండులో దిగి వేరే బస్సు పట్టుకున్నట్టే, చుట్టుపక్కల దేశాల జనమంతా ఇక్కడ దిగి విమానం మారతారు. కాకపోతే మాది సైలెంట్ ఎయిర్‌పోర్ట్. ఏ విమానం బయలుదేరుతున్నా మైకులో చెప్పరు. స్క్రీను చూసుకుని ఎవరికి వాళ్లే వెళ్లాలి. అంత జనంలో ఎవరూ ఎవరినీ పిలవరు. చేరిన కొత్తలో ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చేది.

ఒక రోజు పొద్దున నడివయసు మనిషి ఒకాయన వచ్చి, చెన్నై విమానానికి ఇంకా పిలవలేదేమని హిందీలో అడిగాడు. పాస్‌పోర్టులో ఉదయగిరి అని చూసి తెలుగులోకి మారాను.

"అది పోయిందన్నా. ఈడ పిలవరు."

"పిలవకుండా ఎట్టా పోతాదమ్మా? కండక్టరు అరవకుండా మన ఆత్మకూరులో బస్సన్నా కదులుతుందా? గేటుకు ఎదురుగానే కూర్చోనుండానే! జనం లేచి పోతా ఉంటే వేరే విమానానికనుకున్నా."

గేటుకు ఫోన్ చేశాను. తలుపులు మూసేశారు, ఇక తెరవరు.

ఆయన పేరు మస్తాన్. పక్క దేశంలో కారు డ్రైవరు. ముందు రోజు రాత్రి తండ్రి పోయాడు. సాయంత్రం దాకా ఖననం ఆపుతామని తమ్ముళ్లు చెప్పారట. తర్వాతి విమానంలో సీటు ఇప్పించాను గానీ, దాంట్లో వెళితే ఊరు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆయన తమ్ముడికి ఫోన్ కలిపాడు.

"నా కోసం ఆగబాకండిరా. ఎండలు మండతా ఉండాయి. నాయన్ని ఎత్తండి."

నా విరామంలో వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. తమ్ముళ్లు వీడియో కాల్‌లో ఖననం చూపిస్తున్నారు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"మూడు పిడికిళ్లు మట్టి వెయ్యాలమ్మా. ఈడ యాడన్నా మట్టి ఉండాదా?"

లేచి వెతికాను. అంతా పాలరాయి, తివాచీ. కుండీల్లో చూస్తే ప్లాస్టిక్ మొక్కలు, తెల్ల గులకరాళ్లు. లేదని చెప్పలేక చెప్పాను. ఆయన ముందుకు వంగి, ఖాళీ పిడికిలిని నేల మీద మూడుసార్లు తెరిచాడు. పెట్టె లాక్కుంటూ వస్తున్న ఒకాయన ఆ చెయ్యి తగలకుండా తప్పుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మస్తాన్‌ని నేనే విమానం దాకా తీసుకెళ్లాను.

తెరమీద అక్షరాలు కనిపిస్తే చాలు, దారి చెప్పినట్టే అనుకునేదాన్ని. ఆ రోజుతో ఆ నమ్మకం పోయింది. ఇప్పుడు చెన్నై గేటు మూసే ముందు కుర్చీల మధ్య తిరుగుతాను. మనవాళ్లలా కనిపిస్తే, "చెన్నైకేనా?" అని అడుగుతాను. చాలామంది కాదంటారు. అయినా వాళ్లది ఏ ఊరో అడక్కుండా రాలేను. ఆ రెండు మాటలు లేకపోతే నాకు ఆ పూట గడవదు.