ఆవగింజ, భీమ్‌గల్ గుట్టలు, మా టీచరమ్మ

నిజామాబాద్‌లోని నా ఎస్టీడీ బూత్‌కు రోజూ ఎవరెవరి కబుర్లో వస్తుంటాయి. పోయిన సోమవారం బోధన్ నుంచి వచ్చిన కబురు మాత్రం నాకే. మా సండేస్కూలు టీచరమ్మ పోయింది. రిసీవర్ పెట్టేసి షట్టర్ దించాను. ఆ రోజు ఇంక ఎవరి మాటలూ వినబుద్ధి కాలేదు.

బోధన్ చర్చి వరండాలో చాప మీద కూర్చోబెట్టి ఆమె మాకు బైబిలు చెప్పేది. ఏ వాక్యం చదివినా, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఒకటే అడిగేది. "యేసయ్య గీ మాట అన్నప్పుడు ఆయన ముందల ఎవలు కూసున్నరు?" మళ్లీ తనే చెప్పేది. "ఇత్తనం ఏసేటోళ్లు, గొర్లు కాసేటోళ్లు. గందుకే ఇత్తనం ముచ్చట, గొర్ల ముచ్చట చెప్పిండు. మన బోధన్ల పుడితే చెరుకు ముచ్చట చెప్పేటోడు."

యేసు తానే తలుపునని అన్నాడు కదా, మరి గొళ్లెం ఎక్కడుందని ఒకసారి అడిగాను. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. "మీ అవ్వ నిన్ను బంగారం అంటది గద, కంసాలి కాడ కరగబెట్టిందా? గది పోలిక బిడ్డా" అంది.

పోలియోతో నా ఎడమ కాలు చిన్నప్పుడే సన్నబడింది. ఆపరేషన్ చేసి ఇనుప పట్టీల బూటు తొడిగితే నడుస్తాడని నిజామాబాద్ డాక్టరు తారీఖు రాసిచ్చాడు. అదే వారం ప్రార్థన కూటంలో ఎవరో మా అమ్మతో, ఆవగింజంత విశ్వాసముంటే కొండే కదులుతుంది, నీకు డాక్టరెందుకు అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుంది. పోపుడబ్బాలోంచి ఒక ఆవగింజ తీసి కొంగున కట్టుకుంది. రోజూ పొద్దున్నే ముడి విప్పి దాన్ని చూసేది, నా కాలు చూసేది, తన నమ్మకం ఇంకా అంత కాలేదని ఏడ్చేది. తారీఖు దగ్గర పడుతున్నా కదల్లేదు.

సంగతి తెలిసి టీచరమ్మ ఇంటికొచ్చింది. అమ్మ బీడీలు చుడుతున్న చాట పక్కనే కూర్చుంది.

"డాక్టరు కాడికి పోతే నాకు నమ్మకం లేనట్టే గద టీచరమ్మా" అంది అమ్మ.

"భీమ్‌గల్ గుట్టలు చూసినవు గద. గిన్నేండ్లల్ల జానెడన్న జరిగినయా? అంటే మనల ఒక్కలకు గూడ నమ్మకం లేనట్టేనా?"

అమ్మ చుడుతున్న బీడీని చాటలో పెట్టింది.

"గుట్ట అంటే రాళ్ల గుట్ట గాదు. మనతోని కాదనుకున్న పని. నీకు బస్సెక్కుడే గుట్టయి కూసున్నది. నీ నమ్మకం తక్కువై పోరని కాలు గట్లుందని ఎవలన్న అంటే, నా కాడికి తోలియ్యి."

అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముడి విప్పి ఆ గింజను మళ్లీ పోపుడబ్బాలో వేసింది. తారీఖు నాడు ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా టీచరమ్మే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

కాలు పూర్తిగా బాగుకాలేదు. కానీ నడిచాను. అంతకన్నా పెద్ద సంగతి, అమ్మ తనను తాను తిట్టుకోవడం మానేసింది. నేను టీచరమ్మకు దండం పెట్టేది ఎక్కువగా అందుకే.

మొన్న శవపెట్టె కింద నేనూ భుజం పెట్టాను. నా కుంటి అడుగుకు పెట్టె ఊగింది. వెనకున్న పెద్దాయన నెమ్మదిగా, "నువ్వు ఇడువు తమ్మీ, మేం పట్టుకుంటం" అన్నాడు.

పక్కన నడుస్తున్న అమ్మకు ఆ మాట వినపడింది. "ఉండనియ్యి అన్నా. గా కాలును నడిపించింది ఆమెనే" అంది.

ఆయన తన అడుగు చిన్నది చేశాడు. కాసేపటికి మిగతావాళ్లూ చేశారు. పెట్టె నా వైపు ఒరుగుతూ, లేస్తూ, నా నడకతోనే సమాధుల తోట దాకా పోయింది.